ఏజెన్సీలో నెలలు నిండని కాన్పులు: కార్డు మీద మూడు తేదీలు రాయండి

సంపాదకులకు,

నమస్కారం. వానలు మొదలైతే చాలు, గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో పత్రికల్లో పడుతుంది. ఎన్ని కిలోమీటర్లు మోశారు, ఏ గెడ్డ (కొండవాగు) పొంగింది, ఏ ఊరికి రోడ్డు లేదు అన్నీ రాస్తారు. రాయాల్సిందే. కానీ ఆమెకు అప్పటికి ఎన్నో వారమన్నది ఆ వార్తల్లో దాదాపుగా ఉండదు. ఆసుపత్రికి వచ్చే రిఫరల్ చీటీలోనూ చాలాసార్లు ఉండదు, ఉంటే ‘8 నెలలు’ అని ఉంటుంది. ఏ మందు వేయాలి, ఏ ఆసుపత్రికి పంపాలి, పుట్టాక బిడ్డకు పాలెలా పట్టాలి అన్నవన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినవాళ్ళు చూడ్డానికి బాగానే ఉంటారు గానీ పాలు తాగుతూ తాగుతూ అలిసిపోతారు, ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది. 32 వారాలలోపు పుట్టినవాళ్ళకు ఊపిరితిత్తులే ఇంకా తయారై ఉండవు. ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు అని మైదానంలోనూ కొండ మీదా ఒక మాట ఉంది. అది పచ్చి తప్పు. ఎనిమిదో నెల బిడ్డకే అవకాశం ఎక్కువ. ఈ నమ్మకం పట్టుకుని బిడ్డను ఆసుపత్రికి తీసుకురావడంలో ఒక రోజు ఆగినా నష్టమే కాబట్టి, ఆశా కార్యకర్తలు గర్భిణితోపాటు అత్తతో, అమ్మమ్మతో ఈ విషయం ముందే మాట్లాడాలి.

ఏజెన్సీలో ఇలాంటి కాన్పులకు కారణాలు కొన్ని అందరికీ తెలిసినవే: చిన్న వయసులో గర్భం, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం, 45 కిలోలు కూడా లేని తల్లి, పొడి దగ్గులా పట్టించుకోకుండా వదిలేసే మూత్రంలో మంట. ఉత్తరాంధ్రలో నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డ చుట్టనూ ఇందులో కలపాలి. వీటికన్నా మేం గట్టిగా చెప్పదలచింది మలేరియా, రక్తహీనతల గురించి.

ఫాల్సిపారం మలేరియా క్రిమి గర్భిణిలో మాయలో దాక్కుంటుంది. వేలి నుంచి తీసిన రక్తంలో కనపడకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. మాయ దెబ్బతిని బిడ్డకు అందాల్సింది అందదు, నొప్పులు ముందే మొదలవుతాయి. అందుకని మలేరియా సీజనులో జ్వరం ఉన్నా లేకపోయినా ప్రతి గర్భిణి పరీక్షలోనూ కిట్‌తో చూడాలి. పాజిటివ్ వస్తే మందు మొత్తం కోర్సు మింగించాలి, మలేరియాకే వాడే ప్రిమాక్విన్ మాత్రను మాత్రం గర్భిణికి ఇవ్వకూడదు. దోమతెర ఇంట్లో కట్టుకుంటే సరిపోదు. పోడు కాపలాకు వెళ్ళి మంచె మీద పడుకునే రోజుల్లో తెర కూడా వెంట వెళ్ళాలి.

ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. మాత్రలు పంచినట్టు రిజిస్టరులో ఉన్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే రెండు మూడు చోట్ల వెతకాలి. ఐరన్‌నూ క్యాల్షియంనూ ఒకేసారి మింగుతోందా? రెండింటికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. మాత్ర వేసుకోగానే టీ తాగినా అంతే. నులిపురుగుల మాత్ర, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నాలుగో నెలలో వేశారా? ఇవన్నీ సరిగానే ఉన్నా పెరగలేదంటే సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష జరిగిందా అని చూడాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ కార్యక్రమం వల్ల పరీక్షలు పెరిగాయి. అయితే ఆ ఫలితం ఉన్న కార్డు ఒకచోట, గర్భిణి కార్డు ఇంకోచోట ఉంటే లాభమేమిటి? సికిల్‌సెల్ జబ్బు ఉన్న గర్భిణికి నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు ఎక్కువ. ఆ సంగతి మొదటి మూడు నెలల్లోనే కార్డు ఎక్కాలి.

ఇక అసలు విషయం. మన ఆరోగ్య వ్యవస్థ మొత్తం కాన్పు తేదీ చుట్టూ తిరుగుతుంది. సబ్‌సెంటర్ నర్సు, అంటే ఏఎన్‌ఎం దగ్గర ఈడీడీ (కాన్పు అంచనా తేదీ) జాబితా ఉంటుంది. ఈ నెల కాన్పులెవరివి, వచ్చే నెలవి ఎవరివి అని చూసి ఫోన్లు చేస్తారు, బండ్లు సిద్ధం చేస్తారు. ఏరు దాటి రావాల్సినవాళ్ళను ముందుగా తెచ్చి ఉంచడానికి గర్భిణుల వసతి గృహాలు పెట్టారు, సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టినది అలాంటిదే. మంచి పనే. కాకపోతే తేదీకి రెండు మూడు వారాల ముందు తెస్తే, అప్పటికే పుట్టేసిన బిడ్డ సంగతేమిటి? జాబితాలో నవంబరు అని ఉన్న కాన్పు సెప్టెంబరులో వస్తే ఆ రోజు బండి లేదు, ఫోన్ లేదు, ఆమె పేరు ఎవరి బుర్రలోనూ లేదు.

మేం కోరేది ఖర్చులేని పని. ప్రతి గర్భిణి కార్డు మొదటి పేజీలో కాన్పు తేదీ కింద మరో మూడు తేదీలు పెన్నుతో రాయండి. కాన్పు తేదీ నుంచి 112 రోజులు వెనక్కి లెక్కిస్తే 24 వారాలు నిండే రోజు. 42 రోజులు వెనక్కి వస్తే 34 వారాలు. 21 రోజులు వెనక్కి వస్తే 37 వారాలు. ఉదాహరణకు కాన్పు తేదీ నవంబరు 20 అయితే ఆ మూడూ జులై 31, అక్టోబరు 9, అక్టోబరు 30. జులై 31కీ అక్టోబరు 9కీ మధ్య నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షను కావాలి, పెద్ద ఆసుపత్రి కావాలి. అక్టోబరు 9 దాటాక ఆ ఇంజెక్షను అక్కర్లేదు గానీ బిడ్డ ఇంకా నెల తక్కువదే. అక్టోబరు 30 దాటితే నెలలు నిండినట్టే. ఈ మూడు తేదీలూ ఉంటే అర్ధరాత్రి 108లో వచ్చిన ఈఎంటీ (అంబులెన్సులోని వైద్య సహాయకుడు) కూడా లెక్కలు కట్టకుండా చూసి చెప్పగలడు. పై ఉదాహరణలో ముప్పు రోజులన్నీ గెడ్డలు పొంగే కాలంలోనే, మలేరియా ముదిరే కాలంలోనే పడ్డాయని గమనించండి. నవంబరు కాన్పుకు అక్టోబరు చివర బండి సిద్ధం చేసుకుంటే అది కొండ మీద అన్నిటికన్నా ప్రమాదకరమైన 10 వారాలను వదిలేసినట్టే.

కాన్పు తేదీయే తప్పయితే ఈ మూడూ తప్పే. తేదీ సరిగ్గా తెలియాలంటే మొదటి స్కాను 14 వారాలలోపు జరగాలి. అప్పటి స్కానులో తేడా వస్తే వారం లోపు. 28 వారాలు దాటాక తీసిన స్కాను 3 వారాలు అటూ ఇటూ కావచ్చు, ఎందుకంటే అప్పటికి ఏ బిడ్డ ఎదుగుదల దానిదే. చిన్నగా ఉన్న బిడ్డను చూసి ఇంకా నెలలు రాలేదనుకుంటాం. ఏజెన్సీలో జరుగుతున్నది సరిగ్గా ఇదే: కొండ దిగి రావడం కష్టమని స్కానును ఏడో నెలకు వాయిదా వేస్తున్నారు. ఒక్కసారే తేగలమంటే ఆ ఒక్కసారీ మూడో నెలలో తెండి. ప్రతి నెలా 9వ తేదీన జరిగే గర్భిణుల పరీక్షల రోజుకు ఐటీడీఏ బండ్లు ముందుగా మూడో నెలవాళ్ళ కోసం వెళ్ళాలి. స్కాను కాగితం మీది అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది, దాన్ని నమ్ముకోకుండా వారాలూ రోజులూ కార్డు మీదికి ఎక్కించాలి.

స్కాను లేని చోట నెల తప్పిన తేదీ అడగాలి. ‘గుర్తులేదు’ అన్న జవాబుతో ఆగిపోవద్దు. ఇటుకల పండుగకు ముందా తరవాతా, చోడి (రాగి) కోతలప్పుడా, ఏ సంత వారం అని అడిగితే చెప్తారు. ఆ ఏడు ఆ ఊళ్ళో పండుగ ఎప్పుడు చేశారో ఆశా కార్యకర్తకు తెలుసు. మైదానం నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగికి తెలియదు.

ఇప్పుడా ఇంజెక్షను సంగతి. డెక్సామెథసోన్, 6 మిల్లీగ్రాములు, కండలోకి, 12 గంటలకొకటి చొప్పున 4 డోసులు. మన దగ్గర దొరికే 2 మిల్లీలీటర్ల వయల్‌లో మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే డోసుకు 1.5 మిల్లీలీటర్లు. హడావిడిలో వయల్ మొత్తం ఎక్కించేస్తే 8 అవుతుంది, ఒక్క మిల్లీలీటరే లాగితే 4 అవుతుంది. రెండు తప్పులూ జరుగుతుంటాయి కాబట్టి సబ్‌సెంటర్ గోడ మీద ‘ఒకటిన్నర’ అని పెద్దగా రాసిపెట్టాలి. చాలా చవక మందు, ఫ్రిజ్ అక్కర్లేదు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొచ్చిన గర్భిణికి ఏఎన్‌ఎం మొదటి డోసు వేసి పైకి పంపవచ్చని 2014లోనే కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పాయి. అయినా ‘ఎలాగూ పంపేస్తున్నాం, అక్కడ వేస్తార్లే’ అన్న ధోరణి పోలేదు. మందు పూర్తిగా పనిచేయడానికి సుమారు 24 గంటలు పడుతుంది. డోలీ మీద మూడు గంటలు, బండిలో రెండు గంటలు అంటే ఆ ఐదు గంటలూ మందు పనిచేస్తూ రావాల్సిన సమయం. మొదటి డోసు వేసిన గంట, నిమిషం కార్డు మీద రాయకపోతే రెండో డోసు ఆసుపత్రుల మధ్య ఎక్కడో జారిపోతుంది.

ఎందుకైనా మంచిదని అందరికీ వేసేయడం కూడా కుదరదు. 2015లో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో మన నాగపూర్, బెళగావి ప్రాంతాలతో సహా 6 దేశాల పల్లెల్లో ఈ మందు విరివిగా వాడించారు. మొత్తం మీద శిశు మరణాలు తగ్గకపోగా కొంత పెరిగాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. మందు అందుకున్నవాళ్ళలో చాలామందికి నిజానికి నెలలు నిండాయి. 2020లో మన దేశంతో సహా 5 దేశాల ఆసుపత్రుల్లో, స్కానుతో వారాలు తేల్చుకుని వేసినప్పుడు అదే మందు బిడ్డల ప్రాణాలు కాపాడింది. పల్లెకూ ఆసుపత్రికీ ఇంకా ఎన్నో తేడాలున్నాయి, కాదనం. వారాలు తెలియడం మాత్రం అందులో ముఖ్యమైనది. తల్లికి జ్వరం ఉన్నా, ఉమ్మనీరు వాసన వస్తున్నా ఈ డోసు జోలికి పోకుండా డాక్టరుకు ఫోన్ చేసి వెంటనే పంపాలి.

నొప్పులను గుర్తించడంలోనూ పొరపాటు జరుగుతోంది. నెల తక్కువ నొప్పులు కాన్పు నొప్పుల్లా రావు. నడుం లాగుతోంది, పొత్తికడుపు బిగుస్తోంది అంటారంతే. పని ఎక్కువైందని పడుకోబెడతారు. పొట్ట మీద అరచేయి ఆనించి గంటసేపు చూడండి. పది పదిహేను నిమిషాలకోసారి వరసగా గట్టిపడి వదులవుతుంటే నొప్పులే. నీరు కారుతోందన్న అనుమానం ఉంటే శుభ్రమైన తెల్లగుడ్డ పెట్టి నడిపించి చూడండి. లోపల చేయి పెట్టి మాటిమాటికీ పరీక్షించవద్దు, ఇన్ఫెక్షన్‌కు అదే దారి.

బిడ్డను కడుపులో ఉంచి తేవడం, పుట్టాక తేవడం కన్నా ఎప్పుడూ మేలు. 34 వారాలలోపు అయితే పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, అక్కడి నుంచి ఏరియా ఆసుపత్రికి, మళ్ళీ జిల్లా కేంద్రానికి మెట్లెక్కినట్టు పంపవద్దు. ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం) ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసి, మంచం ఉందని తెలుసుకుని నేరుగా పంపండి. అయితే గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక బయల్దేరదీయడం తెలివితక్కువ పని. దారిలో చెట్టు కింద కన్నా సబ్‌సెంటర్ బల్ల మీద కాన్పు నయం.

అక్కడే కాన్పయితే ఫ్యాను ఆపేయాలి, కిటికీలు మూయాలి. బిడ్డ ఏడిస్తే బొడ్డు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలి. ఊపిరి తీయకపోతే మాత్రం ఆగకుండా చేత్తో నొక్కి గాలి పంపే బ్యాగ్, మాస్క్ పట్టాలి. మాస్కు రెండు సైజుల్లో ఉంటుంది, నెల తక్కువ బిడ్డకు 0 సైజు. నిండు బిడ్డకు వాడే 1 సైజు ఒక్కటే ఉన్న కాన్పు గదులున్నాయి. చిన్న ముఖం మీద పెద్ద మాస్కు పెడితే గాలి పక్కలనుంచి పోతుంది, ఛాతీ లేవదు, సిబ్బందేమో బ్యాగ్ పనిచేయలేదనుకుంటారు. సూపరింటెండెంట్లు ఒకసారి డ్రాయరు తెరిచి చూడాలని మనవి. స్నానం చేయించవద్దు. విటమిన్ కె కిలో దాటిన బిడ్డకు 1 మిల్లీగ్రాము, కిలోలోపు బిడ్డకు 0.5.

కొండ మీదే పుట్టిన బిడ్డను కిందికి తెచ్చేటప్పుడు చలే మొదటి శత్రువు. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే చేతి వెనకవైపు ఆనించి చూడండి: పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి మొదలైంది. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. వేడినీళ్ళ సీసా పక్కన పెట్టవద్దు, ఆ చర్మం నిమిషాల్లో కాలిపోతుంది. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటా మాత్రం ఉంచి తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, కప్ప కాళ్ళు ముడిచినట్టు ఆనించి చీర కొంగుతో బిగించి కట్టాలి. కట్టు అంచు బిడ్డ చెవి కింద వరకు రావాలి. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కొద్దిగా పైకి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆగుతుంది, డోలీలో తల్లి ముడుచుకుని కూర్చున్నప్పుడు జరిగేది ఇదే. అందుకని తల్లిని డోలీలో పెట్టి, బిడ్డను నడిచివచ్చే తండ్రో మేనత్తో గుండెకు కట్టుకోవడమే మంచిది. మగవాడి ఛాతీ కూడా అంతే వెచ్చన. పావుగంటకోసారి ఆగి పెదాల రంగు, ఊపిరి చూడాలి.

తూకం ఒక్కటే చూసి అంచనా వేయకండి. 1.8 కిలోల బిడ్డ నెల తక్కువదా, నెలలు నిండినా ఎదగనిదా? అరికాలు చూడండి: నెలలు నిండితే మడమ దాకా గీతలుంటాయి, నెల తక్కువైతే వేళ్ళ దగ్గరే ఒకటి రెండు ఉండి మిగతా నున్నగా ఉంటుంది. చెవి మడిచి వదిలితే వెంటనే లేవకపోతే నెల తక్కువే. 34 వారాలలోపు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ జతకలవవు కాబట్టి రొమ్ము పట్టించి వదిలేస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 32 వారాలు దాటినవాళ్ళకు ఉగ్గుగిన్నె, అంతకు లోపైతే ఆసుపత్రిలో ట్యూబు. తల్లి పాలే పిండాలి. 1.6 కిలోల బిడ్డకు మొదటి రోజు కిలోకు 60 మిల్లీలీటర్ల లెక్కన 96 మిల్లీలీటర్లు, 2 గంటలకోసారి అంటే విడతకు 8. బిడ్డను కొంచెం నిటారుగా పట్టుకుని గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించాలి, నోట్లో గుమ్మరించకూడదు. బిడ్డ నాలుకతో అందుకోవాలి. మేకపాలు, తేనె, ఆముదం వద్దు.

ఆసుపత్రిలో బిడ్డ ఒక అంతస్తులో, తల్లి మరో అంతస్తులో ఉండే ఏర్పాటు పోవాలి. పుట్టిన వెంటనే కంగారూ పద్ధతిలో తల్లి ఒంటికి ఆనించి ఉంచితే 1 నుంచి 1.8 కిలోల బిడ్డల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వెలువడిన పరిశోధన చెప్పింది, ఢిల్లీ ఆసుపత్రి కూడా అందులో ఉంది. దానికి కావాల్సింది వార్మరు (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం) పక్కన తల్లికో మంచం, మూడు పూటలా తిండి, వెంట వచ్చిన మనిషికి, ఇంట్లో వదలలేని చిన్న బిడ్డకు చోటు. ఈ నాలుగూ లేకే చాలామంది చెప్పకుండా బిడ్డను తీసుకుని వెళ్ళిపోతారు. ‘గిరిజనులకు అవగాహన లేదు’ అని కేస్‌షీటులో రాసేస్తాం. రోజు కూలీ పోగొట్టుకుని, వరండాలో పడుకుని, బయట భోజనం కొనుక్కుని మూడు వారాలు ఉండమంటే ఎవరుంటారు?

లెక్కల విషయం కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసీ తల్లుల బిడ్డల్లో 100కి సుమారు 14 మంది నెలలు నిండకుండా పుడుతున్నారని, మిగతావారిలో 8 మందేనని ఏటా వేరుగా లెక్క తీస్తారు. ఆ తేడా కళ్ళముందు ఉండబట్టే బ్రిస్బేన్‌లో ఆదివాసీ సంస్థలతో కలిసి, గర్భం నుంచి కాన్పు దాకా ఒకే మంత్రసాని నర్సు చూసుకునే పద్ధతి పెట్టారు, నెల తక్కువ కాన్పులు గణనీయంగా తగ్గాయి. మన ఐటీడీఏలు కనీసం తమ పరిధిలో ప్రతి కాన్పుకూ వారాలు రాయించి, ఏ తెగలో, ఏ మండలంలో, ఏ నెలలో ఎక్కువున్నాయో ఏడాదికోసారి బయటపెట్టాలి.

ఇంటికి వెళ్ళాక చూసుకునేది ఆశా కార్యకర్తే. మన ఆసిఫాబాద్‌కు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి 39 ఊళ్ళలో నవజాత శిశు మరణాలను మూడేళ్ళలో 62 శాతం తగ్గించారు. నేటి ఇంటింటి శిశు సంరక్షణకు మూలం అదే. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళాలని నిబంధన ఉంది, వెళ్తున్నారు కూడా. సంచిలోని తూకం, థర్మామీటరు బ్యాటరీలు అయిపోతే మార్చేవారే లేరు.

చివరిగా కళ్ళ పరీక్ష. 2 కిలోలలోపు లేదా 34 వారాలలోపు పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజులలోపు రెటీనా (కంటి లోపలి తెర) చూడాలి. 28 వారాలలోపు లేదా 1.2 కిలోలలోపు వారికి రెండు మూడు వారాలకే. ఆక్సిజన్ అదుపు లేకుండా పెట్టిన బిడ్డలో రెటీనా రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి శాశ్వతంగా చూపు పోతుంది, సకాలంలో లేజర్ చేస్తే నిలుస్తుంది. కాబట్టి సిలిండరు ఉన్నచోటల్లా పల్స్ ఆక్సీమీటరు ఉండాలి, ఆక్సిజన్ ఇస్తున్నంతసేపూ రీడింగు 90 నుంచి 94 మధ్య ఉంచాలి. బిడ్డ 20వ రోజున డిశ్చార్జి అయితే పరీక్షకు మళ్ళీ రావాలని నోటిమాటగా చెప్పి పంపడం చాలదు. కంటి డాక్టరు ఏ రోజు ఎక్కడ ఉంటారో కనుక్కుని, ఆ తేదీ, తీసుకొచ్చే బండి డ్రైవరు ఫోన్ నంబరు చీటీ మీద రాసి, అదే సమాచారం ఆశా కార్యకర్తకు ఫోన్‌లో చెప్పే పని డిశ్చార్జి చేసిన వార్డుదే. వారానికోసారి కంటి డాక్టరు ఐటీడీఏ కేంద్రానికే వస్తే ఈ బండి ఖర్చు కూడా ఉండదు.

ఇట్లు,
ఏజెన్సీ ఆసుపత్రుల నవజాత శిశు విభాగాల్లో పనిచేసే వైద్యులు, నర్సులు కొందరు